గాజును తినే ఆమ్లం: ఒక రాయి చరిత్ర

రసాయనశాస్త్రం గాజును నమ్ముకుని పెరిగింది. మీ ప్రయోగశాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లం గాజు సీసాలోనే ఉంటుంది. నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా అంతే. ఇంట్లో అమ్మ నిమ్మరసాన్ని, వెనిగర్‌ను, పచ్చళ్ళను ధైర్యంగా గాజు సీసాలో పోసి పెడుతుంది. ఇనుమును, పాలరాతిని తినేసే ఆమ్లాలు కూడా గాజు దగ్గరికి వచ్చేసరికి తోక ముడుస్తాయి.

అలాంటి గాజు మీద కొద్ది నిమిషాల్లో ఎన్నటికీ చెరగని తెల్లటి పువ్వు వేయగల ముద్ద ఒకటి చిన్న డబ్బాల్లో అమ్ముతున్నారు. దాని పేరు ఎచింగ్ క్రీమ్. వంటింట్లోని నూనె సీసాల మీద, పప్పుల సీసాల మీద, మంచినీళ్ళ సీసాల మీద పేర్లు, లతలు, ముగ్గులు వేసుకోవడానికి దీన్ని కొంటారు. చూడటానికి ముఖానికి రాసుకునే క్రీములాగే ఉంటుంది. వేలికి అంటినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మిగతా ఆమ్లాలకు లొంగని గాజు ఈ ముద్దకు ఎందుకు లొంగింది? దీన్ని మనిషి ఎలా కనిపెట్టాడు? ఎంత మూల్యం చెల్లించాడు? ఈ పాఠంలో ఆ చరిత్ర తెలుసుకుందాం. చరిత్ర తెలిస్తే డబ్బా మీది హెచ్చరికను మీరు చదివే తీరు మారుతుంది.

జంషెడ్‌పూర్ నుంచి ఎందుకు మొదలుపెట్టాలి?

గాజు కథకు ఉక్కు నగరంతో ఏం సంబంధమని మీరు అడగవచ్చు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లె దగ్గర టాటా ఇనుము ఉక్కు కర్మాగారం వెలిసింది. కంపెనీ 1907లో ఏర్పడింది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి చేరారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నేటికీ నిలిచి ఉంది.

ఈ నగరం నుంచి మొదలుపెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఎచింగ్ అనే పని ఉక్కు ప్రయోగశాలల్లో ప్రతిరోజూ జరుగుతుంది. రెండు, ఎచింగ్ క్రీమ్‌కు కోర ఇచ్చిన రాయి గాజు పని కంటే ముందే లోహాల కొలిమిలో ఊడిగం చేసింది. ఆ రాయి పేరు ఫ్లోర్‌స్పార్. రసాయనికంగా అది కాల్షియం ఫ్లోరైడ్. ఈ పేరును గుర్తుంచుకోండి. పాఠం చివర మనం మళ్ళీ ఈ రాయి దగ్గరికే వస్తాం.

ముందు లోహం, తర్వాత గాజు

తుప్పు పట్టిన ఇనుప ఊచను చూసి మనం "తుప్పు తినేసింది" అంటాం. ఎచింగ్ అనే మాట పుట్టుకలోనూ ఇదే భావం ఉంది. పాత జర్మన్ భాషలో దాని మూలానికి "తినిపించడం" అని అర్థం. ఉపరితలంలో కొంత భాగాన్ని మైనంతోనో లక్కతోనో కప్పి, మిగతా భాగాన్ని ఆమ్లానికి తినిపించడమే ఎచింగ్.

ఈ విద్యతో తెలుగు నేలకు పాత సంబంధం ఉంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు కొనుక్కుని పోయేవారు. ఆ పరిశ్రమను హెన్రీ వాయ్‌సీ అనే శాస్త్రజ్ఞుడు చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. అలాంటి ఉక్కుతో పశ్చిమాసియాలో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు కనిపించేవి. ఆ గీతలు ఎవరూ గీసినవి కావు. ఉక్కులో కర్బనం ఎక్కువున్న పొరలు, తక్కువున్న పొరలు పక్కపక్కన ఉంటాయి. మెరుగుపెట్టిన కత్తికి పులుపు ద్రావణం పూస్తే అది ఒక పొరను ఎక్కువగా, ఒక పొరను తక్కువగా తింటుంది. దాంతో లోపలి నిర్మాణం బయటపడుతుంది.

ఐరోపాలో కవచాల మీద ఇలాగే ఆమ్లంతో అలంకారాలు చేసేవారు. 1500 ప్రాంతంలో ఆగ్స్‌బర్గ్ పట్టణానికి చెందిన డానియల్ హాప్ఫర్ ఆ పద్ధతిని బొమ్మలు అచ్చు వేసే పలకలకు వాడాడు. 1863లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ ఉక్కు ముక్కను అద్దంలా నునుపు చేసి, ఆమ్లంతో తినిపించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఉక్కు ఏకరూపంగా ఉండే పదార్థం కాదని, దానిలో రేణువులు ఉన్నాయని తెలిసింది. లోహచిత్రణ శాస్త్రానికి అది పునాది.

నేటికీ ఉక్కు నాణ్యతను పరీక్షించేవారు మొదట చేసే పనుల్లో అది ఒకటి. ఆల్కహాలులో కొద్దిగా నత్రికామ్లం కలిపిన నైటాల్ అనే ద్రావణంలో నమూనాను కొన్ని సెకన్లు ఉంచితే రేణువుల సరిహద్దులు కనిపిస్తాయి. జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధన ప్రయోగశాల స్వతంత్ర భారతంలో తొలినాటి ప్రయోగశాలల్లో ఒకటి. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అక్కడ లోహాన్ని చదవడం నేర్చుకునే విద్యార్థి ముందుగా దాన్ని ఆమ్లానికి తినిపించడం నేర్చుకుంటాడు. అంటే ఎచింగ్ అలంకారం మాత్రమే కాదు, పదార్థాన్ని చదివే పద్ధతి కూడా.

లోహాన్ని తినే ఆమ్లాలు చాలా ఉన్నాయి. గాజును తినేది మాత్రం దొరకలేదు. అది కొలిమి దగ్గర పడి ఉన్న రాయిలో దాగి ఉంది.

కొలిమిలో ఊడిగం చేసిన రాయి

ఖనిజాన్ని కరిగించినప్పుడు లోహంతో పాటు మట్టి, ఇసుక వంటి మలినాలు కూడా ఉంటాయి. అవి పలుచగా కరిగి పైకి తేలితేనే లోహం శుభ్రంగా దిగుతుంది. తేలే ఆ మలినాన్ని లోహమలం అంటాం. దాన్ని పలుచబరచడానికి వేసే పదార్థాన్ని ద్రవకారి అంటాం.

జర్మనీ గనుల ప్రాంతంలో వైద్యుడిగా పనిచేసిన గియార్గియస్ అగ్రికోలా 1530లో ప్రచురించిన గ్రంథంలో అందమైన రంగుల స్ఫటికాల గురించి రాశాడు. గని కార్మికులు ఆ స్ఫటికాలను కొలిమిలో వేస్తే మలినాలు నీళ్ళలా పారేవి. లాటిన్‌లో "పారడం" అనే అర్థమున్న ధాతువు నుంచి ఆ రాళ్ళకు పేరు వచ్చింది. ఫ్లోర్‌స్పార్‌లోని "ఫ్లోర్", తర్వాత వచ్చిన ఫ్లోరిన్, ఫ్లోరైడ్ అన్నీ ఆ కుటుంబమే.

ఉక్కు పరిశ్రమలో ఈ రాయి అవసరం ఇంకా తీరలేదు. భాస్వరాన్ని తొలగించడానికి ఉక్కు కొలిమిలో సున్నం వేస్తారు. సున్నం ద్రవీభవన స్థానం 2,500 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఉక్కు కొలిమి వేడి 1,600 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కొద్దిగా ఫ్లోర్‌స్పార్ కలిపితే సున్నం త్వరగా లోహమలంలో కరిగి, అది పలుచబడుతుంది. దీని వల్ల ఫ్లోరైడ్ వాయువులు వెలువడతాయి కాబట్టి ఆధునిక కర్మాగారాలు దీని వాడకాన్ని తగ్గించుకుంటూ వస్తున్నాయి. మన దేశంలో గుజరాత్‌లోని అంబాడుంగర్ ప్రాంతంలో ఈ ఖనిజం ఉన్నా, అవసరాల్లో ఎక్కువ భాగం దిగుమతి మీదే ఆధారపడుతున్నాం.

పాత్రే సాక్షిగా

1670 ప్రాంతంలో న్యూరెంబర్గ్ పట్టణంలో హైన్‌రిష్ ష్వాన్‌హార్ట్ అనే గాజు చెక్కే కళాకారుడు ఆమ్లంతో గాజు మీద బొమ్మలు వేశాడని చెబుతారు. ఆమ్లం చుక్క పడి కళ్ళద్దాలు మసకబారడంతో ఈ విద్య బయటపడిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, శాస్త్రీయ పరిశీలన మాత్రం 1771లో స్వీడన్‌లో జరిగింది.

కార్ల్ విల్‌హెల్మ్ షీలే మందుల దుకాణంలో పనిచేసే రసాయనవేత్త. ఆయన ఫ్లోర్‌స్పార్ పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి గాజు పాత్రలో వేడి చేశాడు. ఘాటైన ఆమ్ల వాయువు వెలువడింది. నీటిని తాకిన చోట తెల్లటి ఇసుకలాంటి పొర ఏర్పడింది. ఆ పొర సిలికా. ఇసుకలో ఉండేది అదే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఫ్లోర్‌స్పార్‌లో సిలికా లేదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనూ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? కొత్త ఆమ్లం నీటితో కలిసి సిలికాగా మారుతోందేమోనని మొదట అనుకున్నారు. తర్వాతివారు అదే ప్రయోగాన్ని లోహపు పాత్రల్లో చేశారు. సిలికా రాలేదు. అప్పుడు అసలు విషయం తెలిసింది. ఆమ్లం గాజు పాత్రనే తింటోంది. పాత్రలోని సిలికా వాయురూపంలో బయటికి వచ్చి, నీటి దగ్గర మళ్ళీ సిలికాగా పేరుకుంటోంది. పాత్ర కూడా ప్రయోగంలో పాల్గొంటుందన్న సంగతి అంత స్పష్టంగా చెప్పిన ఉదాహరణలు తక్కువ. మీరు చేసే ప్రతి ప్రయోగంలోనూ ఈ అనుమానం మీ వెంట ఉండాలి.

షీలే 1786లో మరణించాడు. ఆ దశాబ్దం చివర్లోనే ఫ్రాన్స్‌కు చెందిన పుయిమోరాఁ ఈ ఆమ్లంతో గాజు పలక మీద బొమ్మ వేశాడు. అది షీలే సమాధి దగ్గర రసాయనశాస్త్రం, ప్రతిభ అనే ఇద్దరు స్త్రీ మూర్తులు కన్నీరు పెడుతున్న చిత్రం.

ప్రాణాలు తీసిన అన్వేషణ

ఈ ఆమ్లంలో హైడ్రోజన్‌తో పాటు కొత్త మూలకం ఒకటి ఉండాలని ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ ఊహించాడు. ఆయన సూచన మీదే ఇంగ్లండ్‌కు చెందిన హంఫ్రీ డేవీ దానికి ఫ్లోరిన్ అనే పేరు స్థిరపరిచాడు. అంటే పేరు ముందు వచ్చింది, మూలకం తర్వాత దొరికింది. ఆ మధ్య కాలం 70 ఏళ్ళకు పైమాటే.

ఆ 70 ఏళ్ళు బాధాకరమైనవి. డేవీ ఈ ఆవిరులు పీల్చి జబ్బుపడ్డాడు. ఐర్లండ్‌కు చెందిన నాక్స్ సోదరులు 1830లలో ప్రయత్నించి తీవ్రంగా అస్వస్థులయ్యారు. బ్రసెల్స్‌లో పాలాఁ లూయే 1850లో, నాన్సీ పట్టణంలో జెరోమ్ నిక్లెస్ 1869లో ఈ పరిశోధనలోనే ప్రాణాలు కోల్పోయారు. వీరెవరూ అజాగ్రత్తపరులు కారు. తమ కాలానికి ఆరితేరిన రసాయనవేత్తలు. తమ చేతిలో ఉన్నది చర్మం దాటి లోపలికి పోయే విషమని వారికి పూర్తిగా తెలియదు.

చివరకు 1886 జూన్ 26న పారిస్‌లో ఆంరీ మ్వాసాఁ విజయం సాధించాడు. నీరు లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో పొటాషియం ఫ్లోరైడ్ లవణం కలిపి, బాగా చల్లబరచి, విద్యుద్విశ్లేషణ చేశాడు. గాజు పనికిరాదు కాబట్టి పాత్రను ప్లాటినం, ఇరిడియం మిశ్రమలోహంతో చేయించాడు. దాని మూతి మూయడానికి బిరడాలు కావాలి కదా! ఆ బిరడాలను ఏ రాయి నుంచి ఆమ్లం పుట్టిందో ఆ ఫ్లోర్‌స్పార్‌తోనే చెక్కించాడు. ఫ్లోరిన్‌తో అప్పటికే పూర్తిగా కలిసి ఉన్న పదార్థాన్ని ఫ్లోరిన్ ఇంకేం చేయగలదు? ఈ ఆవిష్కరణకు 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1907 ఫిబ్రవరిలో, 54 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

కళాఖండం నుంచి కంప్యూటర్ చిప్ వరకు

శాస్త్రవేత్తలు మూలకాన్ని వెతుకుతుండగానే పరిశ్రమ ఆమ్లాన్ని అందిపుచ్చుకుంది. ఇంగ్లండ్‌లోని స్టోర్‌బ్రిడ్జ్ ప్రాంతంలో జాన్ నార్త్‌వుడ్ 1861లో గాజు మీద ఎచింగ్ నమూనాలు గీసే యంత్రాన్ని రూపొందించాడు. గాజుకు మైనం పూస్తారు. యంత్రం సూదితో మైనం మీద గీస్తుంది. గీసిన చోట గాజు బయటపడుతుంది. ఆమ్లంలో ముంచితే ఆ గీతలు మాత్రమే చెక్కుడవుతాయి. మీ ప్రయోగశాలలో ఉన్న బ్యూరెట్టు, పిపెట్టు, ఉష్ణమాపకాల మీది గీతలు చెరగకుండా ఉండటానికి ఈ పద్ధతే చాలాకాలం ఆధారమైంది.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో మార్విన్ పిప్కిన్ విద్యుద్దీపపు బల్బు లోపలి వైపు మసకబారేలా ఎచింగ్ చేసే పద్ధతిని సాధించాడు. అంతకు ముందు లోపల ఎచింగ్ చేస్తే బల్బు పెళుసెక్కి చిన్న దెబ్బకే పగిలేది. కారణం, ఆమ్లం చేసిన గుంటలకు పదునైన కోణాలు ఉండటం. రెండోసారి పలుచని ఆమ్లంతో కడిగితే ఆ కోణాలు గుండ్రబడి బల్బుకు బలం తిరిగి వచ్చింది. మన ఇళ్ళలో దశాబ్దాల పాటు కళ్ళకు హాయిగా వెలిగిన పాలరంగు బల్బుల వెనుక ఈ పరిశోధన ఉంది.

ఇవాళ మీ జేబులో ఉన్న ఫోనులోని చిప్ తయారీలో కూడా సిలికా పొరను కచ్చితంగా తొలగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని, అమ్మోనియం ఫ్లోరైడ్‌ను కలిపి వాడతారు. 2019 జులైలో జపాన్ దక్షిణ కొరియాకు ఎగుమతులను కట్టడి చేసిన మూడు పదార్థాల్లో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఒకటి. ఒక ఆమ్లం రెండు దేశాల మధ్య వివాదానికి ఆయుధమైంది! అంతకు ఏడేళ్ళ ముందు, 2012 సెప్టెంబరు 27న, దక్షిణ కొరియాలోని గుమి నగరంలో ఇదే వాయువు లీకై 5 మంది మరణించారు. వేలమంది వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. చుట్టుపక్కల పంటలు మాడిపోయాయి.

క్రీమ్ గాజు మీద ఏం చేస్తుంది?

వంటింటి సీసా దగ్గరికి వద్దాం. ఎచింగ్ క్రీమ్‌లో సాధారణంగా అమ్మోనియం బైఫ్లోరైడ్, సోడియం బైఫ్లోరైడ్ వంటి లవణాలు ఉంటాయి. జారిపోకుండా చిక్కగా నిలవడానికి బేరియం సల్ఫేట్ వంటి పొడులు కలుపుతారు. బైఫ్లోరైడ్ లవణం తడిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను అందిస్తుంది. దాని నాలుగు అణువులు ఒక సిలికా అణువుతో చర్య జరిపితే ఒక సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అణువు, రెండు నీటి అణువులు ఏర్పడతాయి. ఈ సమీకరణాన్ని నోటు పుస్తకంలో రాసి తుల్యం చేసి చూడండి. సిలికాన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం గట్టిది. సిలికాన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం అంతకంటే గట్టిది. గాజు ఓడిపోవడానికి మూలం ఇదే.

ఇంకో వింత ఉంది. శుద్ధ ఆమ్లం గాజును నున్నగా తింటుంది, పారదర్శకత పోదు. బైఫ్లోరైడ్ లవణాలు వాడితే, చర్యలో పుట్టిన ఫ్లోరోసిలికేట్ స్ఫటికాలు అక్కడక్కడ గాజు మీదే అతుక్కుని దాన్ని కప్పుతాయి. కప్పిన చోట తక్కువగా, కప్పని చోట ఎక్కువగా గాజు కరుగుతుంది. అలా ఏర్పడిన సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళు కాంతిని చెల్లాచెదురు చేయడం వల్ల ఆ భాగం మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ తెల్లరంగు ఏదీ లేదు.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ఎచింగ్ చేసిన సీసాను తడిపితే బొమ్మ మసకబారుతుంది. నూనె చేత్తో ముట్టుకుంటే దాదాపు మాయమవుతుంది. సబ్బుతో కడిగి ఆరబెడితే తిరిగి వస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, నీటిది 1.33, గాజుది సుమారు 1.5. వంటనూనెది గాజుకు చాలా దగ్గరగా, 1.47 వరకు ఉంటుంది. నూనె గుంటలను నింపితే కాంతికి గాజు ఎక్కడ ముగిసిందో తెలియదు. నూనె సీసా మీద ముచ్చటపడి వేసిన ముగ్గు వంట సమయంలోనే కనిపించకుండా పోవడానికి కారణం ఇదే.

ఆమ్లం గాజు దగ్గర ఆగదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రసాయనశాస్త్ర పరిభాషలో బలహీన ఆమ్లం. అంటే నీటిలో దాని అణువులు ఎక్కువ భాగం అయాన్లుగా విడిపోవు. "బలహీన" అన్న మాట చూసి నిర్లక్ష్యం చేయకూడదు. విడిపోని ఆ చిన్న అణువు మీద విద్యుదావేశం ఉండదు. అందువల్ల అది చర్మాన్ని దాటి కండలోకి, ఎముక దాకా చొరబడగలదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే వెంటనే కాలుతుంది, వెంటనే చెయ్యి వెనక్కి తీస్తాం. పలుచని ఫ్లోరైడ్ ద్రావణం తగిలితే నొప్పి గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గాని తెలియదు.

లోపలికి వెళ్ళిన ఫ్లోరైడ్ కాల్షియంను వెతుకుతుంది. రెండూ కలిస్తే నీటిలో కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. ఆ పేరును గుర్తుపట్టారా? అగ్రికోలా చూసిన రాయి! ఏ రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడగొట్టి ఈ ఆమ్లాన్ని తయారుచేశామో, అది శరీరంలోని కాల్షియంను లాక్కుని మళ్ళీ ఆ రాయిగా మారాలని చూస్తుంది. కండరాలు కదలడానికి, గుండె లయగా కొట్టుకోవడానికి రక్తంలో కాల్షియం తగు మోతాదులో ఉండాలి. ఎక్కువ ఫ్లోరైడ్ ఒక్కసారిగా ఒంట్లోకి పోతే గుండె లయ తప్పుతుంది. ఆనాటి రసాయనవేత్తలకు తెలియని సంగతి ఇదే.

చికిత్స కూడా ఇదే రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. కాలిన చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు. శరీరం కాల్షియంను పోగొట్టుకోకుండా, బయటి నుంచి కాల్షియంను ఎదురు పంపి ఫ్లోరైడ్‌ను అక్కడికక్కడే రాయిగా మార్చేస్తారు. రోగమూ మందూ ఒకే సమీకరణంలో ఉండటం అంటే ఇదే.

తెలుగు నేల నేర్పిన పాఠం

ఫ్లోరైడ్‌కూ కాల్షియంకూ ఉన్న ఈ ఆకర్షణను తెలుగువారు పుస్తకాల్లో చదవకముందే ఒంటి మీద అనుభవించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను వంగి, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషులను పరిశీలించి, తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని భారతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. నల్లగొండ జిల్లా పేరు తర్వాతి కాలంలో ఈ జబ్బుతో ముడిపడిపోయింది. జార్ఖండ్‌లోనూ గఢ్వా, పలాము జిల్లాల్లో ఇదే సమస్య ఉంది.

గ్రానైట్ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి అవక్షేపంగా దింపేస్తుంది. కాల్షియం తక్కువైన నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతూ పోతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అంటుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి పథకాలు బోరునీటికి బదులు నదీజలాలను ఇళ్ళకు చేర్చాయి.

నీటిలో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు, ఏళ్ళ తరబడి తాగితే వెన్ను వంచాయి. ఎచింగ్ క్రీమ్‌లో ఉన్న ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు గాఢమైనది. పోలిక పూర్తిగా ఒకటి కాకపోయినా, ఏ కుటుంబానికి చెందిన పదార్థంతో ఆడుకుంటున్నామో తెలియాలి కదా!

మీ చేతిలోకి తీసుకునే ముందు

ఇంత చెప్పాక, సీసా మీద బొమ్మ వేయవద్దని మీతో అనను. తెలిసి చేయమని అంటాను. పాఠశాల విద్యార్థులు ఈ క్రీమ్‌ను ముట్టుకోకూడదు. వారికి గాజు రంగులు చాలు. కాలేజీ విద్యార్థులు పెద్దల సమక్షంలో చేసేటప్పుడు కూడా ఈ నియమాలు పాటించాలి.

మూల పదార్థాల పేర్లు, హెచ్చరిక, వాడే సమయం స్పష్టంగా అచ్చువేయని డబ్బాను కొనవద్దు. రసాయనాలకు తట్టుకునే చేతి తొడుగులు, కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. చిరిగిన తొడుగు లేని తొడుగు కంటే ప్రమాదం, ఎందుకంటే అది క్రీమును లోపలే పట్టి ఉంచుతుంది. గాలి ఆడే చోట, వంట పదార్థాలకు, చిన్నపిల్లలకు దూరంగా పని చేయాలి. సీసాను కడిగి ఆరబెట్టి, అతుక్కునే ప్లాస్టిక్ కాగితంలో కత్తిరించిన నమూనాను అంటించాలి. క్రీమ్‌ను ప్లాస్టిక్ పుల్లతో చిక్కగా పూసి, లేబుల్ మీద రాసినంత సేపే ఉంచాలి. తర్వాత ధారగా పారే నీటితో కడగాలి. సీసా బయటి వైపు మాత్రమే చేయాలి. నూనె, నీరు తగిలే లోపలి వైపు ఎప్పుడూ చేయకూడదు. పింగాణీ తొట్టి పూత కూడా ఒక రకం గాజే కాబట్టి, క్రీమ్ దాని మీద నిలిచిపోతే అదీ మసకబారుతుంది.

పొరపాటున చర్మానికి తగిలితే నొప్పి కోసం ఎదురు చూడవద్దు. వెంటనే ధారగా పారే నీటితో బాగా కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి 15 నిమిషాలు కడుగుతూ, అదే సమయంలో సాయం పిలవాలి. డాక్టరుకు "ఏదో క్రీమ్" అని చెబితే సరిపోదు. "ఇందులో ఫ్లోరైడ్ ఉంది" అని చెప్పి డబ్బాను చూపించాలి. ఆ ఒక్క మాట చికిత్సనే మార్చేస్తుంది.

విద్యార్థులారా! కొలిమిలో మలినాన్ని పారించిన రాయి, గాజుకు పూలు తొడిగిన రాయి, రసాయనవేత్తల ప్రాణాలు తీసిన రాయి, నల్లగొండ నీటిలో కరిగిన రాయి అన్నీ ఒకటే. పదార్థానికి మంచి చెడ్డలు తెలియవు. దాని స్వభావం తెలుసుకోవలసింది మనమే. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరిక వెనుక లూయే, నిక్లెస్ వంటివారి జీవితాలున్నాయి. దాన్ని చదవడానికి ఒక నిమిషం చాలు.

ఆలోచించండి

1. షీలే ప్రయోగంలో సిలికా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి మీరైతే ఏ పాత్రను ఎంచుకుంటారు? ఎందుకు?

2. మ్వాసాఁ తన పరికరానికి ఫ్లోర్‌స్పార్ బిరడాలు వాడటంలోని తర్కం ఏమిటి?

3. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైన ఆమ్లం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. అయినా రెండోదే ఎక్కువ ప్రమాదకరం ఎందుకు?

4. మీ ప్రాంతంలో తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది? స్థానిక నీటి సరఫరా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆ నీటిలో కాల్షియం ఎంత ఉందో కూడా అడగండి. రెంటికీ సంబంధం ఏమైనా కనిపించిందా?